కుడికాలి ఒదుగు

"ఆ నీలం బట్టలు దర్జీకి పంపించు. నడుం దగ్గర కుట్లు విప్పి లోపలికి పట్టమను. చిన్నదానికి వదులవుతాయి," అంది అత్తగారు టీ కప్పులోంచి తల ఎత్తకుండా.

చెప్పింది కొడుక్కి. వినాల్సింది కోడలు. కాలు బెణికిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ ఇలా ఇంకొకరి మీదుగానే నడుస్తున్నాయి.

కోడలు బల్లకి అటువైపు కూర్చుని ఉంది. కుడికాలు పక్క కుర్చీలో, దిండు మీద పెట్టుకుంది. వాపు ఎప్పుడో తీసింది. చీలమండ చుట్టూ కమిలిన నలుపు కూడా పచ్చబడి పోయింది. అయినా కాలు ఎత్తి పెట్టుకోవడం అలవాటైపోయింది. అలా పెట్టుకున్నంతసేపూ తననెవరూ ఏమీ అనలేరని ఒక ధీమా.

"అవి నా బట్టలు అత్తయ్యా," అంది.

"నదివి. నది ఎవరైతే వాళ్ళవి."

నది అంటే కొత్త నృత్యనాటికలో ముఖ్యపాత్ర. ఈవిడ అత్తగారు కాకముందు, ఉత్త టీచరుగా ఉన్న రోజుల నుంచీ కోడలు ఆవిడ దగ్గర వెనక వరసలోనే ఆడింది. చెట్టయింది, మబ్బయింది, ఒకసారి గుర్రానికి వెనక కాళ్ళు కూడా అయింది. ఇన్నేళ్ళకి నది చేతికొచ్చింది. వచ్చీ రాగానే, సాధన చేస్తుండగా, నది రాయిని చుట్టి తిరిగే చోట కాలు మడత పడింది. ప్రదర్శన వచ్చే శనివారం.

"ఇవాళ డాక్టరు చూస్తానందిగా అమ్మా. ఆవిడేమంటుందో విని అప్పుడు పంపిద్దాం," అన్నాడు కొడుకు.

"మనం తేల్చుకునేదాకా దర్జీ సూదిలో దారం ఎక్కించుకుని కూర్చోడు."

"పోనీ మళ్ళీ విప్పేసుకునేలా టాకాలు వేయిద్దాం. అటైతే అటు, ఇటైతే ఇటు."

ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి అతనివైపు చూశారు. అతను వెంటనే రొట్టె ముక్క తుంచుకునే పనిలో పడ్డాడు. అతను ఆ బృందానికి లైట్లు వేస్తాడు. వేదిక మీద ఎవరి మీద కావాలంటే వాళ్ళ మీద వెలుగు వెయ్యగలడు. ఇంట్లో మాత్రం ఏ వెలుగూ తన మీద పడకుండా చూసుకుంటాడు.

"సరే, టాకాలే వేయించు," అంది అత్తగారు. "డాక్టరు సరేనంటే నది ఈ అమ్మాయిదే. కాదంటే చిన్నదానిది. నాకు కూతురొకటీ కోడలొకటీ కాదు."

ఆ మాట నిజమే. కోడలికి మింగుడుపడనిదీ అదే. ఆవిడ కూతురివైపు కొంచెం మొగ్గు చూపించినా హాయిగా కోపం తెచ్చుకోవచ్చు. ఆ అవకాశం కూడా ఇవ్వదు మహాతల్లి.

అత్తగారు కప్పు పట్టుకుని లేచింది. ఇంట్లో అందరివీ వట్టి కాళ్ళే. ఆవిడకి మాత్రం ఎండైనా వానైనా మేజోళ్ళు ఉండాల్సిందే. చలికాళ్ళు అంటుంది. కప్పు కడిగి బోర్లించి, పైన డాన్సు హాల్లోకి వెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గర ఆడపడుచు ఎదురైంది. ఒకచోట నిలవని మనిషి గనక చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పెట్టారు. ఇవాళ మాత్రం నిలబడింది, వదిన కిందికి వంగి చెప్పు పట్టీ బిగించుకునేదాకా.

"వదినా, నేను అడగలేదు."

"తెలుసు."

"వద్దని కూడా అనలేదు."

"అదీ తెలుసు."

"నీకు తగ్గితే నాకు సంతోషమే."

"తగ్గకపోతే?"

పిచ్చుక గోడకున్న మేకు వైపు చూసింది. "అబద్ధం చెప్పమంటావా?"

"వద్దులే," అంది వదిన.

ఆ పిల్ల మీద కోపం రావాలి. రాలేదు. ఆ వయసులో తనైతే ఇంత నిజం కూడా చెప్పేది కాదు. చేతిసంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. దిగేటప్పుడు అద్దాల తలుపులో తన కాలు ఎలా పడుతోందో చూసుకుంది. బాగానే పడుతోంది.

*

ఫిజియోథెరపీ చేసే ఆవిణ్ణి ఆ ఇంట్లో అందరూ మడమ డాక్టరనే అంటారు. నేను డాక్టర్నీ కాదు, మడమ ఒక్కటే చూడను అని మొదట్లో మొత్తుకునేది. తర్వాత విసుగొచ్చి ఊరుకుంది. ఆవిడ గది చిన్నది. కిటికీ కింద మంచం, గోడకి రబ్బరు పట్టీలు, మూల ఒక నిలువుటద్దం.

ఈ గదిలోనే కోడలు మళ్ళీ నడక నేర్చుకుంది. మొదట్లో ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టుకోవడం. తర్వాత ఆవిడ బొటనవేలితో గాల్లో అఆలు రాయించింది. అ ఆ ఇ ఈ బాగానే వచ్చేవి. 'ఋ' దగ్గరికొచ్చేసరికి కళ్ళమ్మట నీళ్ళు తిరిగేవి. ఆ తర్వాత పట్టీ లాగడం, మడమలెత్తి దించడం, ఒంటికాలి మీద నిలబడడం. చెప్పినవన్నీ వదలకుండా చేసింది. ఇంత బుద్ధిగా చెప్పినమాట విన్న పేషెంటు తనకింకొకరు లేరని మడమ డాక్టరే అంది.

"ఇక్కడ?" చీలమండ పక్కన వేలితో నొక్కింది ఆవిడ.

"లేదు."

"ఇక్కడ?"

"ఏమీ లేదు."

"మీవాళ్ళంతా ఉన్నా లేదనే అంటారు. డాన్సువాళ్ళని నోటితో అడిగితే లాభం లేదు, మొహం చూడాలి." చూసింది. తృప్తిగానే తలాడించింది. "సరే. దిగి కుడికాలి మీద నిలబడు."

కోడలు అద్దం ఎదురుగా నిలబడి ఎడమకాలు ఎత్తింది. పాదం నేలకి అతుక్కున్నట్టు ఉంది. భుజం కదల్లేదు, నడుం కదల్లేదు. ఎంతసేపు కావాలంటే అంతసేపు అన్నట్టు నిలబడింది. అద్దంలో తనని చూసుకుంటే ముచ్చటేసింది. నది నాదే అనుకుంది.

మడమ డాక్టరు వెళ్ళి అద్దం మీద దుప్పటి వేసింది.

"ఇప్పుడు కళ్ళు మూసుకో."

కోడలు మూసుకుంది. మూసుకున్న మరుక్షణం పాదం కింద నేల పక్కకి జారినట్టయింది. చెయ్యి మంచం కోడుకి తగిలింది. ఎడమకాలు ధబ్బున కిందపడింది.

"మళ్ళీ," అంది మడమ డాక్టరు.

మళ్ళీ అంతే. ఈసారి ఆవిడ పట్టుకుంది.

"ఇంట్లో ఈ వ్యాయామం ఎక్కడ చేస్తున్నావు?"

"డాన్సు హాల్లో."

"అద్దం ముందా?"

"అద్దం ముందు కాక ఇంకెక్కడ చేస్తామండీ?"

మడమ డాక్టరు కుర్చీలో కూలబడి నుదురు రుద్దుకుంది.

"తప్పు నాది. ముందే చెప్పాల్సింది. మామూలు మనుషులెవరూ అద్దంలో చూసుకుంటూ ఒంటికాలి మీద నిలబడరు కదా అని ఊరుకున్నాను. చూడమ్మాయ్, కాలు బెణికితే లోపల ఎముకల్ని కలిపే పట్టీలు సాగడం ఒక్కటే కాదు. పాదం ఎటు వాలుతోందో పైకి కబురు పంపే తెలివి కూడా దెబ్బతింటుంది. ఆ తెలివి కాలికి మళ్ళీ నేర్పడానికే నిలబడమన్నాను. నువ్వు కళ్ళతో నిలబడ్డావు. కళ్ళకి బాగా తగ్గింది. కాలికి తగ్గలేదు."

"కానీ కళ్ళు మూసుకుని ఎవరాడతారు?"

"వేదిక మీద అద్దం ఉంటుందా?"

"ఉండదు."

"మరేముంటుంది ఎదురుగా?"

"లైట్లు," అంది కోడలు. "ఎదురుగా లైట్లు కొడతాయి. ఏమీ కనపడదు."

ఆ లైట్లు వేసేది సాక్షాత్తూ తన మొగుడేనని గుర్తొచ్చింది. నవ్వురాలేదు.

"అయితే కాదంటారా?" అంది. అడగడానికి భయమేసింది, అయినా అడిగింది.

మడమ డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఆ రాయి చుట్టూ తిరిగేది ఒకసారి చూపించు. మెల్లగా. చెయ్యి నా భుజం మీద వేసి."

కోడలు చూపించింది. తిప్పుకి ముందు ఒళ్ళు ఒక్కక్షణం ఎడమవైపు కుంగుతుంది. కుడికాలు ఆలస్యంగా, పాదం బయటి అంచు మీద వాలుతూ వచ్చి నేలని తాకుతుంది. పడిపోతుందేమో అనిపించే చోట ఒళ్ళంతా దాని మీదుగా పొర్లి లేస్తుంది. దాన్నే ఒదుగు అంటారు. అత్తగారి బడికి పేరు తెచ్చింది ఒదుగే. చూసేవాళ్ళు ఆ ఒక్కక్షణం ఊపిరి బిగబట్టి, లేచాక చప్పట్లు కొడతారు. ఒదుగు నేర్చుకోవడానికే చాలామంది ఆ హాలు మెట్లెక్కేది. కోడలూ అందుకే ఎక్కింది.

"ఇంకోసారి," అంది మడమ డాక్టరు. చూసి, "ఒళ్ళు బరువంతా తీసుకెళ్ళి బయటి అంచు మీద కుమ్మరిస్తున్నావు. కాలు బెణకడానికి ఇంతకన్నా తిన్నని దారి లేదు. మీ హాలు నుంచి నా దగ్గరికి ఎంతమంది వచ్చారో, అందరికీ కుడికాలే. మార్పుగా ఉంటుంది, ఒక్కరికైనా ఎడమకాలు బెణికితే బాగుణ్ణు అనుకుంటూ ఉంటాను. ఎవరు కనిపెట్టారిది?"

"అత్తయ్య."

"ఎందుకు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. "అందంగా ఉంటుందని," అంది కోడలు.

"ఉంటుంది, కాదనను." మడమ డాక్టరు లేచి దుప్పటి మడతపెట్టింది. "విను. రోజూ కళ్ళు మూసుకుని సాధన చెయ్యి, పక్కన ఎవరినైనా పెట్టుకుని. గురువారం వచ్చి చూపించు. నిలబడగలిగితే పట్టీ వేసి నేనే పంపిస్తాను, ఆడు. కానీ ఒదుగు తీసేసి ఆడాలి. ఒదుగుతోనే ఆడతానంటే మాత్రం నన్నడక్కు. ఇంకోసారి మడత పడితే ఆ కీలు ఇక నీ మాట వినదు. డాన్సు సంగతి సరే, గడప దాటాలన్నా ముందు ఎడమకాలు, వెనక కుడికాలు, చేత్తో గోడ పట్టుకోవడం. జన్మంతా అదే."

కోడలు చెప్పులు వేసుకుంటూ ఆగిపోయింది. ఆ నడక తనకి బాగా తెలుసు. ఎక్కడ చూసిందో మాత్రం అప్పటికి తట్టలేదు.

*

కోడలు ఇల్లు చేరేసరికి పైన హాల్లో సాధన నడుస్తోంది. అత్తగారు గోడవారన కుర్చీలో కూర్చుని చేత్తో తొడమీద తాళం వేస్తోంది. పిచ్చుక అద్దం ముందు రాయిని చుట్టి తిరుగుతోంది. రాయి ప్రస్తుతానికి ఒక స్టూలు.

"ఒదుగేదీ?" అంది అత్తగారు. "అలా చక్కగా కాలేస్తే నది ఎందుకవుతుంది, పంపులో నీళ్ళవుతాయి. ఎడమకి కుంగు. కుడికాలు రానివ్వకు. ఇంకా రానివ్వకు. ఆఁ, ఇప్పుడు."

పిచ్చుక వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పింది. వదినని అద్దంలో చూసి నిటారుగా నిలబడింది.

"ఏమంది?" అని అడిగింది అత్తగారు. ఈసారి ఎవరి మీదుగానూ కాదు, సూటిగానే.

కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. కళ్ళు మూసుకోమనడం, పడబోవడం, గురువారం మళ్ళీ రమ్మనడం. చివర ఒదుగు సంగతి.

కింద వీధిలో ఎవడో బండి మాటిమాటికీ స్టార్టు చేసి ఆపుతున్నాడు.

"అంటే కాదన్నట్టే," అంది అత్తగారు.

"ఒదుగు లేకుండా ఆడొచ్చంది."

"ఒదుగు లేకుండా ఆడడానికి నా బృందం ఎందుకమ్మా? వీధిలో ఏ పిల్లయినా ఆడుతుంది. టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళు దానికోసం వస్తున్నారు. నీకు తెలియంది కాదు."

"మా అందరికీ కుడికాలే బెణుకుతోంది అత్తయ్యా. డాక్టరు చెప్పేదాకా నాకూ తట్టలేదు. ముందువరస అమ్మాయికి, పెళ్ళి చేసుకుని మానేసిన పొడుగమ్మాయికి, నాకు. ఒక్కరికీ ఎడమకాలు కాదు."

"నేర్చుకోవడం సరిగ్గా రాకపోతే బెణుకుతుంది. నేను ఇరవయ్యేళ్ళు ఆడాను. నాకేమైంది?"

అని, మాట అక్కడితో ముగిసిందన్నట్టు లేచింది. హాలుకి, మెట్లకి మధ్య చిన్న గట్టు ఉంది. అత్తగారు దాని దగ్గర ఆగింది. చెయ్యి గోడకి ఆన్చింది. ముందు ఎడమకాలు దాటించింది. ఒళ్ళు దాని మీదకి కాస్త కుంగింది. కుడికాలు ఆలస్యంగా, బయటికి వాలుతూ వెనకొచ్చింది.

కోడలు చూస్తూ ఉండిపోయింది. ఈ నడక రోజూ చూస్తున్నదే. వంటింట్లో, మెట్ల మీద, వీధిలో. డాన్సులో చేరిన కొత్తలో ఆ నడకకి మురిసిపోయి, హాస్టలు వరండాలో ఎవరూ లేనప్పుడు అలాగే నడిచి చూసుకునేది. ఇంత ఒయ్యారం పుట్టుకతో వస్తుందా, సాధనతో వస్తుందా అని స్నేహితురాళ్ళతో వాదించేది. ఎంత వెర్రిదాన్ని అనిపించింది.

"అత్తయ్యా," అంది. "మీ కాలు ఎప్పుడు బెణికింది?"

అత్తగారు వెనక్కి తిరగలేదు.

"నాకెప్పుడూ బెణకలేదు," అంది. మెట్లు దిగిపోయింది. అడుగుల చప్పుడు కిందిదాకా వినిపించింది, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా.

పిచ్చుక వదినవైపూ మెట్లవైపూ చూసింది. "అమ్మకేంటి వదినా?"

"ఏమో," అంది కోడలు. "నువ్వు చన్నీళ్ళు కొట్టుకో కాలికి."

"నా కాలికేమైంది?"

"ఏమీ కాలేదు. ఇంకా ఏమీ కాలేదు."

ఆ సాయంత్రం బల్ల దగ్గర నలుగురూ కూర్చున్నారు, ఎవరూ ఉప్పు కూడా అందించమని అడగలేదు. కావాల్సినవాళ్ళు లేచి తెచ్చుకున్నారు. దర్జీ దగ్గర్నుంచి వచ్చిన నీలం బట్టలు సోఫా మీద పడున్నాయి. నడుం పొడుగునా తెల్లదారంతో పెద్ద పెద్ద టాకాలు.

భోజనాలయ్యాక మొగుడు మాట్లాడకుండా పైకెళ్ళి, పాత నల్లతెర ఒకటి తెచ్చి హాల్లో అద్దం మీద వేలాడగట్టి వచ్చాడు. నిచ్చెన దించుతూ, "రేపట్నుంచి దీని ముందు చేసుకో," అన్నాడు భార్యతో. ఆ రోజు మొత్తంలో ఆ ఇంట్లో ఒకరికొకరు చేసిన ఉపకారం అదొక్కటే.

*

పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవలేదనుకుని, కోడలు హాల్లోకెళ్ళింది. నల్లతెర ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. ఎడమకాలు ఎత్తింది. పాదం కింద వేళ్ళు నేలని వెతుక్కుంటున్నాయి. మడమ లోపల ఏదో సన్నగా వణుకుతోంది. పడబోయింది, కాలు దించింది. మళ్ళీ ఎత్తింది. చూడకుండా తన కాలు తనకే పరాయిదిలా ఉంది.

"గోడకి దగ్గరగా నిలబడు. పడితే పట్టుకోవచ్చు."

కళ్ళు తెరిచింది. అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో.

"ఇదేనా ఆవిడ పెట్టిన పరీక్ష?"

"ఇదే."

అత్తగారు చాలాసేపు నల్లతెర వైపు చూసింది. తర్వాత వంగి మేజోళ్ళు విప్పింది. ముందు ఎడమది, తర్వాత కుడిది. కుడి చీలమండ ఎడమదానిలా లేదు. లావుగా, ఎముక గుంటలు పూడిపోయి ఉంది. పాదం లోపలికి తిరిగి ఉంది. ఇన్నేళ్ళలో కోడలు ఆ కాలు చూడడం అదే మొదలు.

ఆవిడ లేచొచ్చి కోడలి పక్కన నిలబడింది. "పట్టుకోకు," అంది. కళ్ళు మూసుకుని ఎడమకాలు నేల మీంచి లేపింది.

అసలు లేవనేలేదనాలి. వేళ్ళు నేలని వదిలీ వదలకముందే ఆవిడ ఒరిగిపోయింది. చెయ్యి వచ్చి కోడలి భుజాన్ని గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి. కోడలు కదలకుండా నిలబడింది. ఇప్పుడు తను కదిలితే ఇద్దరూ పడతారు.

"నా మొదటి ముఖ్యపాత్ర," అంది అత్తగారు, కళ్ళు తెరవకుండానే. "వేదిక వెనక దారిలో చెక్క మీద కాలు మడత పడింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పాత్ర పక్కదానికి పోతుంది. గుడ్డ కట్టుకుని వెళ్ళి ఆడాను. తిప్పు దగ్గరికొచ్చేసరికి కుడికాలు మోపలేకపోయాను. ఎడమకి కుంగి, ఎలాగో దొర్లించుకుని లేచాను. హాలు హాలంతా చప్పట్లు."

కోడలు ఆ చీలమండ వైపే చూస్తోంది.

"తర్వాత కొన్నాళ్ళకి నొప్పి తగ్గింది. ఆ తిప్పు మామూలుగా తిరిగాను, నేర్పినట్టే. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు."

"అందుకని మళ్ళీ..."

"అందుకని మళ్ళీ." అత్తగారి గొంతులో పశ్చాత్తాపం లేదు, గొప్పా లేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. "దానికి పేరు నేను పెట్టలేదు. వాళ్ళే పెట్టారు, ఒదుగని. నేర్పమని పిల్లలొచ్చారు. నేర్పాను. కాలు మళ్ళీ మళ్ళీ మడత పడింది. ఎవరికి చెప్పను? నా పేరంతా దాని మీదే నిలబడి ఉంటే."

కోడలికి జాలేసింది. దానికన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఆవిడ కుంటింది, మేమందరం దాన్ని డబ్బిచ్చి నేర్చుకున్నాం, అద్దం ముందు ఏళ్ళతరబడి చెమటోడ్చి.

"మాకైనా చెప్పాల్సింది అత్తయ్యా. నేను కింద పడ్డ రోజైనా."

"చెప్పాల్సింది," అంది అత్తగారు. ఆవిడ నోట ఆ మాట వినడం కోడలికి కొత్త.

అత్తగారు కళ్ళు తెరిచింది. చెయ్యి మాత్రం భుజం మీంచి తియ్యలేదు. "శనివారం నువ్వే ఆడు. ఆవిడ చెప్పినట్టే, ఒదుగు లేకుండా. చప్పట్లు రాకపోతే నన్నడక్కు."

కోడలి గుండె ఒక్కసారి తేలికపడింది. నది తన దగ్గరికి తిరిగొచ్చింది. ఇలా, ఈ రూపంలో వస్తుందని అనుకోలేదు, అయినా వచ్చింది. అలాగే అందామని నోరు తెరిచింది.

"మరి నేనో?"

పిచ్చుక మెట్ల గట్టు మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ చుట్టూ చేతులు. ఎంతసేపట్నుంచి ఉందో ఎవరూ అడగలేదు. మొహం చూస్తే మొత్తం విన్నదని తెలుస్తోంది.

"విన్నావుగా," అంది తల్లి.

"విన్నాను." పిచ్చుక లేచింది. "నీకు కాలు బెణికి అలా వచ్చింది. వదిన కాలు దానివల్ల బెణికింది. అంతా అర్థమైందమ్మా. కానీ నా కాలు బాగానే ఉంది. ఒదుగు నాకు నిన్న సాయంత్రం వచ్చేసింది, నువ్వు కిందికెళ్ళాక. చాలాసార్లు చేశాను. నువ్వు చూడలేదు."

"పిచ్చుకా, ఇలా రా," అంది వదిన. "మడమ డాక్టరేమందో నేను చెబుతాను, కూర్చో."

"ఆవిడ నాకేమీ చెప్పలేదుగా వదినా. నీకు చెప్పింది." గొంతులో పొగరు లేదు. ఎప్పట్లాగే నిజమే చెబుతోంది. "అమ్మ నొప్పితో ఇరవయ్యేళ్ళు ఆడింది. నేను ఒక్క శనివారం ఆడతానంటున్నాను. కూతురొకటీ కోడలొకటీ కాదని అమ్మే కదా అంటుంది, ఎవరు బాగా ఆడితే వాళ్ళకే నది. చూసి చెప్పండి."

ఎవరూ సరే అనకముందే స్టూలు లాక్కొచ్చి మధ్యలో పెట్టింది. అద్దం మీద నల్లతెర ఉంది. ఆ పిల్ల దానివైపు చూడను కూడా చూడలేదు.

కదిలింది. రాయి దగ్గరికొచ్చింది. ఎడమకి కుంగింది. కుడికాలు రానివ్వలేదు, ఇంకా రానివ్వలేదు. పడిపోయిందనే అనుకుంది కోడలు, ఊపిరి ఆగింది. అప్పుడా పాదం బయటి అంచు మీద వాలుతూ వచ్చి నేలని తాకింది. ఒళ్ళంతా దాని మీదుగా పొర్లి లేచి, రాయిని చుట్టి అవతలికి వెళ్ళిపోయింది.

అంత బాగా అత్తగారు కూడా ఎప్పుడూ ఆడి ఉండదు. చాలా అందంగా ఉంది. అదే వచ్చిన చిక్కు.

పిచ్చుక ఆగలేదు. తిరిగి మళ్ళీ మొదలుపెట్టింది.

"చాలనండి అత్తయ్యా," అంది కోడలు మెల్లగా. "ఇప్పుడే ఆపమనండి."

అత్తగారు వట్టికాళ్ళతో నిలబడి కూతురి కుడిపాదాన్నే చూస్తోంది. పడకుండా ఉండడానికి కోడలి భుజాన్ని పట్టుకున్న ఆ చెయ్యి కొంచెం వదులైంది. తర్వాత, ఆవిడకే తెలియకుండా, వేళ్ళు కదిలాయి. కోడలి భుజం మీద ఒకటొకటిగా, కూతురి అడుగుకి సరిగ్గా, తాళం వెయ్యడం మొదలుపెట్టాయి.